కళ్లెదుటే కనిపిస్తుంటే మళ్లీ చెప్పడమెందుకు?

2015 ఫిబ్రవరి 1, అరిజోనాలోని గ్లెండేల్. అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్ అయిన సూపర్ బౌల్ ఆఖరి నిమిషంలోకి వచ్చింది. న్యూ ఇంగ్లండ్ పేట్రియాట్స్ 28, సియాటిల్ సీహాక్స్ 24. బంతి సీహాక్స్ దగ్గరుంది. గోల్ లైన్‌కు ఒక్క గజం దూరం, గడియారంలో 26 సెకన్లు. ఆ గజం దాటితే కప్పు వాళ్లదే. వాళ్ల జట్టులో మార్షాన్ లించ్ ఉన్నాడు, అడ్డొచ్చినవాళ్లను గుద్దుకుంటూ దూసుకుపోయే మనిషి. బంతి అతని చేతికే ఇస్తారని స్టేడియంలో ఉన్నవాళ్లూ, టీవీల ముందున్న 11 కోట్ల పైచిలుకు జనమూ అనుకున్నారు. జట్టు దాడిని నడిపే క్వార్టర్‌బ్యాక్ రస్సెల్ విల్సన్ మాత్రం బంతి విసిరాడు. గోల్ లైన్ దగ్గర గుమిగూడిన ఒంట్ల మధ్యలోంచి ఎవరో దూసుకొచ్చి దాన్ని లాక్కున్నాడు.

సెకను గడిచిందో లేదో, టీవీలో ఓ గొంతు "మాల్కమ్ బట్లర్" అని పేరు చెప్పేసింది.

బట్లర్ అప్పటికి పేరున్న ఆటగాడేమీ కాదు. ఆ ఏడాదే జట్టులోకి వచ్చిన కుర్రాడు. కొత్త ఆటగాళ్లను జట్లు ఏరుకునే డ్రాఫ్టులో 32 జట్లలో ఒక్కటీ అతన్ని ఎంచుకోలేదు. వెస్ట్ అలబామా అనే చిన్న యూనివర్సిటీలో ఆడి, ట్రయల్స్‌కి వచ్చి, ఎలాగో చోటు సంపాదించుకున్నాడు. ఆ మ్యాచ్‌లో మొదటి నుంచీ మైదానంలో ఉన్నవాడూ కాదు. ఆ తోపులాటలో వీపు మీది 21 నంబరు కనిపించేది ఎంతసేపు? అయినా ఆ గొంతు తడుముకోలేదు. పేరు చెప్పింది, బంతి ఎక్కడ పట్టాడో చెప్పింది, నమ్మలేకపోతున్నానన్న అర్థంలో ఒక్క మాట అంది. ఆ గొంతు అల్ మైకేల్స్‌ది. అప్పటికి ఆయనకు డెబ్బై ఏళ్లు.

అమెరికన్ ఫుట్‌బాల్ మాట వచ్చినప్పుడల్లా మనవాళ్లు అడిగే ప్రశ్న ఒకటుంది. రేడియో రోజుల్లో అంటే వ్యాఖ్యాత అవసరం, వినేవాళ్లకు కళ్లు ఆయనే. టీవీలో అంతా కళ్లెదుటే కనిపిస్తుంటే అదే మళ్లీ నోటితో చెప్పడమెందుకు? దానికి కోట్ల డాలర్ల జీతమెందుకు? న్యాయమైన ప్రశ్నే. జవాబు దొరకాలంటే ఆ ఆట నడిచే తీరు కొంచెం తెలియాలి, మైకేల్స్ వచ్చిన దారి ఇంకొంచెం తెలియాలి.

క్రికెట్‌లో బౌలర్ ఒక్కడు, ఎదురుగా బ్యాటర్ ఒక్కడు. బంతి దాదాపు ఎప్పుడూ కంటికి ఆనుతూనే ఉంటుంది. అమెరికన్ ఫుట్‌బాల్‌లో అలా కాదు. రెండు జట్లూ కలిపి 22 మంది, అందరి తలలకూ హెల్మెట్లే, ఒకేసారి కదులుతారు. బంతిని దాచడమే సగం ఆట. ఒకరి చేతికి ఇచ్చినట్టు నటించి ఇంకొకరికి ఇస్తారు. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు వెళ్లాలి. ఆ ప్రయత్నాన్ని డౌన్ అంటారు. ఇప్పుడు ఎన్నో డౌన్, ఇంకా ఎన్ని గజాలు కావాలి, టైమ్‌అవుట్లు ఎన్ని మిగిలాయి, గడియారం నడుస్తోందా ఆగిందా అన్నవి తెలియకపోతే కళ్లముందు జరిగేది కుమ్ములాటలాగే కనిపిస్తుంది. మూడో డౌన్‌లో రెండు గజాలు కావాల్సినప్పుడు మూడు గజాల పరుగు ఘనవిజయం. అదే డౌన్‌లో పది గజాలు కావాల్సి ఉంటే ఆ మూడు గజాల పరుగే ఓటమి. టీవీ బొమ్మ రెంటినీ ఒకేలా చూపిస్తుంది. తేడా చెప్పేది గొంతే.

ఇంకో సంగతి, ఆట కంటే ఆగడమే ఎక్కువ. గడియారం ప్రకారం మ్యాచ్ 60 నిమిషాలు, ప్రసారం మూడు గంటల పైమాటే. ఇందులో బంతి నిజంగా కదిలేదెంతసేపని వాల్‌స్ట్రీట్ జర్నల్ 2010లో లెక్కగడితే సుమారు 11 నిమిషాలు తేలింది. ఒక్కో ఎత్తు (ప్లే) నాలుగైదు సెకన్లలో ముగుస్తుంది, తర్వాతి ఎత్తుకు 40 సెకన్ల గడువు. ఆ ఖాళీలో రీప్లే రావాలి, విశ్లేషకుడు మాట్లాడాలి, బంతి మళ్లీ కదిలేలోపు మాట ముగించాలి.

అందుకే అక్కడ పని రెండుగా చీలింది. ఏం జరిగిందో చెప్పేవాడు ప్లే-బై-ప్లే వ్యాఖ్యాత, ఎందుకు జరిగిందో చెప్పేవాడు విశ్లేషకుడు. రెండోవాడు సాధారణంగా మాజీ ఆటగాడో మాజీ కోచో అయి ఉంటాడు. మొదటివాడు చాలావరకు జీవితంలో ఆ ఆట ఆడనివాడే. మన టీవీ క్రికెట్‌లో వ్యాఖ్యాతలు అరగంటకోసారి మారిపోతుంటారు, మాజీ ఆటగాళ్లే ఎక్కువ. హైదరాబాద్‌లో పుట్టి, ఉస్మానియాలో కెమికల్ ఇంజినీరింగ్ చదివి, ఆకాశవాణి నుంచి పైకొచ్చిన హర్షా భోగ్లే లాంటివాళ్లు మనకు అరుదు. అక్కడ ఆ కోవలోని మనిషే ప్రసారానికి నడుమ నిలబడతాడు. మొదటి నిమిషం నుంచి చివరి నిమిషం వరకూ ఒకే గొంతు. మ్యాచ్ అంతా ఆయన చేతిలో ఉంటుంది.

చేతిలో అన్నానుగానీ, చెవిలో కూడా ఉంటుంది. కామెంటరీ బాక్స్‌లోకి ఓసారి తొంగిచూద్దాం. వ్యాఖ్యాత ముందు ఒక పెద్ద అట్ట ఉంటుంది, దాన్ని స్పాటింగ్ బోర్డు అంటారు. రెండు జట్ల ఆటగాళ్లూ మైదానంలో ఏ చోట నిలబడతారో ఆ వరుసలోనే వాళ్ల పేర్లు, నంబర్లు, చదివిన కాలేజీ, ఎత్తు, బరువు, గుర్తుపెట్టుకోదగ్గ ఒకటి రెండు ముక్కలు చిన్న అక్షరాల్లో రాసి ఉంటాయి. పక్కన బైనాక్యులర్లతో స్పాటర్ ఉంటాడు. బంతి ఎవరు పట్టారు, ఎవరు పడేశారు అన్నది నోటితో చెప్పే వీలుండదు, మైకులోకి వెళ్లిపోతుంది. అందుకని బోర్డు మీద వేలు పెట్టి చూపిస్తాడు. ఇంకోవైపు లెక్కలు చూసే మనిషి చీటీలు అందిస్తుంటాడు. చెవిలోని ఇయర్‌ఫోన్‌లో, స్టేడియం బయట ట్రక్కులో కూర్చున్న ప్రొడ్యూసర్ మాట్లాడుతూనే ఉంటాడు. రీప్లే వస్తోంది, ప్రకటనలకు పది సెకన్లు, తొమ్మిది, ఎనిమిది... చెవిలో ఆ లెక్క నడుస్తుండగానే నోటి వెంట వేరే వాక్యం తడబడకుండా పూర్తవ్వాలి. దగ్గొస్తే నొక్కడానికి ఓ బటన్ ఉంటుంది, నొక్కినంతసేపు మైకు పనిచేయదు.

ఇదంతా ఆట రోజు పని. దానికి ముందు వారమంతా చదువే. మ్యాచ్‌కు ఒకటి రెండు రోజుల ముందు ప్రసార బృందం రెండు జట్ల కోచ్‌లతో, క్వార్టర్‌బ్యాక్‌లతో కూర్చుని మాట్లాడుతుంది. పాత మ్యాచ్‌లు తిరగేస్తారు. అలా పోగేసిన దాంట్లో ఎక్కువ భాగం ప్రసారంలో ఎప్పటికీ వినిపించదు. మైకేల్స్ వృత్తి జీవితం మొత్తానికి కీలకం ఇక్కడే ఉందని నా నమ్మకం. ఎప్పుడు పనికొస్తుందో తెలియకుండా దాచిపెట్టుకున్నది, అక్కరపడిన ఆ ఒక్క సెకనులో చేతికి అందాలి. బట్లర్ పేరు అలా అందిందే. ఆ ఎత్తుకు కాసేపటి ముందే సియాటిల్ ఆటగాడు జెర్మైన్ కియర్స్ కిందపడుతూ, కాళ్లకూ చేతులకూ తగిలి ఎగిరిన బంతిని పడుకునే పట్టాడు. అప్పుడు అతన్ని కాపలా కాస్తున్నదీ, లేచి గీత బయటికి నెట్టిందీ ఈ బట్లరే. చూసేవాళ్లంతా కియర్స్‌ను చూశారు. మైకేల్స్ కంటికి 21 కూడా ఆనింది.

ఈ అలవాటు ఆయనకు ఎక్కడ అబ్బింది? 1944 నవంబర్ 12న న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో పుట్టాడు. ఇంటికి దగ్గర్లోనే ఎబెట్స్ ఫీల్డ్, డాడ్జర్స్ బేస్‌బాల్ జట్టు సొంత మైదానం. ఆ జట్టు రేడియో గొంతు విన్ స్కల్లీని వింటూ పెరిగాడు. 1958లో డాడ్జర్స్ లాస్ ఏంజెలెస్‌కు తరలిపోయింది. విచిత్రంగా ఆ ఏడాదే మైకేల్స్ కుటుంబమూ అక్కడికే మారింది. పిల్లాడికి ఊరు మారింది, బడి మారింది, రేడియోలో ఆ గొంతు మాత్రం మారలేదు. అరిజోనా స్టేట్ యూనివర్సిటీలో రేడియో, టీవీ చదివాడు. అక్కడే విద్యార్థుల జట్ల ఆటలకు వ్యాఖ్యానం చెప్పడం మొదలుపెట్టాడు.

మొదటి ఉద్యోగం ఆటలకు సంబంధించింది కాదు, ఒక టీవీ గేమ్ షోకు పాల్గొనేవాళ్లను ఎంపికచేసే పని. తర్వాత లేకర్స్ బాస్కెట్‌బాల్ ప్రసారాల్లో చోటు దొరికి, కొద్ది మ్యాచ్‌లకే పోయింది. ఇరవై రెండు, ఇరవై మూడేళ్ల వయసులో సొంత ఊళ్లో తగిలిన దెబ్బ అది. 1968లో హవాయికి వెళ్లిపోయాడు. అమెరికా ప్రధాన భూభాగానికి సముద్రం మీద వేల మైళ్ల దూరం, పెద్ద నెట్‌వర్కుల చూపు పడని చోటు. అక్కడ హవాయి ఐలాండర్స్ బేస్‌బాల్, యూనివర్సిటీ ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్, ఆఖరికి హైస్కూలు ఆటలు కూడా, ఏది దొరికితే దానికి మైకు పట్టాడు. ఈ మూడేళ్లను ఆయన జీవిత కథలు చెప్పేవాళ్లు రెండు ముక్కల్లో దాటేస్తారు. నాకు మాత్రం ఇదే అసలైన గురుకులంలా కనిపిస్తుంది. తప్పు చేస్తే దేశమంతా నవ్వదు, రోజూ ఏదో ఒక మ్యాచ్ ఉంటుంది, నోరు తిరుగుతుంది, కన్ను పదునెక్కుతుంది.

1971లో సిన్సినాటి రెడ్స్ బేస్‌బాల్ జట్టు పిలిచింది. మరుసటి ఏడాదే ఎన్‌బీసీ టీవీ నెట్‌వర్కులో, బేస్‌బాల్ ఫైనల్ పోరు వరల్డ్ సిరీస్ ప్రసారంలో గొంతు వినిపించింది. అదే 1972లో జపాన్‌లోని సప్పోరోలో శీతాకాల ఒలింపిక్స్ జరిగితే, అక్కడ ఒక్క ఐస్ హాకీ మ్యాచ్‌కు వ్యాఖ్యానం చెప్పాడు. సోవియట్ యూనియన్, చెకోస్లొవాకియా ఆడిన మ్యాచ్ అది. ఆ ఒక్క మ్యాచ్ ఎనిమిదేళ్ల తర్వాత ఆయన జీవితాన్నే మార్చేసింది.

1980 ఫిబ్రవరిలో న్యూయార్క్ రాష్ట్రంలోని లేక్ ప్లాసిడ్ అనే చిన్న ఊళ్లో శీతాకాల ఒలింపిక్స్. ప్రసారం ఏబీసీది. మైకేల్స్ అప్పటికి ఆ సంస్థలో ఉన్నాడు. అక్కడ ఆయనకంటే పెద్దవాళ్లు, పేరున్నవాళ్లు బోలెడుమంది. ఐస్ హాకీకి ఎవరిని పంపాలన్న చర్చ వచ్చినప్పుడు, అంతమందిలో ఎప్పుడైనా హాకీ చెప్పినవాడు ఆయనొక్కడే తేలాడు. చెప్పింది ఒక్కటంటే ఒక్క మ్యాచ్. అదే అర్హత అయింది.

అప్పటి పరిస్థితి తలుచుకుంటేగానీ ఆ మ్యాచ్ బరువు తెలియదు. ఇరాన్‌లో అమెరికా రాయబార సిబ్బంది బందీలుగా ఉన్నారు. 1979 డిసెంబర్‌లో సోవియట్ సేనలు అఫ్గానిస్థాన్‌లోకి దిగాయి. సోవియట్ హాకీ జట్టు అంతకుముందు వరసగా నాలుగు ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచింది. అమెరికా జట్టులో దాదాపు అందరూ కాలేజీ కుర్రాళ్లు, కోచ్ హెర్బ్ బ్రూక్స్. ఒలింపిక్స్ మొదలవడానికి కొద్దిరోజుల ముందు, ఫిబ్రవరి 9న ఇవే రెండు జట్లు న్యూయార్క్‌లో ఆడితే సోవియట్లు 10-3తో చితక్కొట్టారు. ఫిబ్రవరి 22న మళ్లీ ఎదురుపడ్డారు. ఆట ఆఖరి భాగంలో, సరిగ్గా పది నిమిషాలు మిగిలుండగా, కెప్టెన్ మైక్ ఎరుజియోన్ కొట్టిన గోల్‌తో అమెరికా 4-3 ఆధిక్యంలోకి వెళ్లింది. ఆ తర్వాతి పది నిమిషాలూ గోల్‌కీపర్ జిమ్ క్రెయిగ్ మీదికి దాడి మీద దాడి.

ఆ చివరి నిమిషం వీడియో నేను ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు. చూసిన ప్రతిసారీ గమనించేది ఒకటే, ఆయన ఎంత మామూలు పని చేస్తున్నాడో. బంతికి బదులు వాడే పక్ అనే రబ్బరు బిళ్ల ఎవరి దగ్గరుందో చెబుతున్నాడు. పదకొండు సెకన్లు, పది, కౌంట్‌డౌన్ నడుస్తోంది అంటాడు. ఆ గోలలోనూ మారో నుంచి సిల్క్‌కు అని పేర్లు చెబుతాడు. ఐదు సెకన్లంటాడు. పక్ నీలిగీత దాటి బయటికి వచ్చేసింది, ఇక చెప్పడానికి ఆట లేదు. అప్పుడు అంటాడు, "డూ యూ బిలీవ్ ఇన్ మిరకిల్స్?" అని. అద్భుతాలను నమ్ముతారా? గడియారం సున్నాకు చేరగానే ఒకే ఒక్క "ఎస్!" అంటాడు. ఆ తర్వాత దాదాపు మాటే లేదు. కుర్రాళ్లు మంచు మీద ఒకరిమీద ఒకరు పడి దొర్లుతుంటే, జనం జెండాలు ఊపుతుంటే, చాలాసేపు ఆ అరుపులే ప్రసారమయ్యాయి.

ఆ వాక్యాన్ని ముందే రాసిపెట్టుకున్నాడా అని దశాబ్దాలుగా అడుగుతూనే ఉన్నారు. లేదనే ఆయన మొదటినుంచీ చెబుతున్నాడు, అద్భుతం అన్న మాట ఆ క్షణంలో మనసులో మెదిలిందంటాడు. నాకు నమ్మాలనిపిస్తుంది. ముందే రాసుకున్నవాడైతే పది సెకన్లున్నప్పుడే తొందరపడి ఆ మాట అనేసేవాడు, మారో, సిల్క్ పేర్లు చెప్పడానికి ఆగేవాడు కాదు. పని పూర్తయ్యాకే ఆ మాటకు చోటు దొరికింది. ఆ తర్వాతి మౌనం ఇంకా పెద్ద నిర్ణయం. రేడియోలో ఆ మౌనం కుదరదు. టీవీ వ్యాఖ్యాతకు అది ఓ పనిముట్టు.

ఈ విషయంలో ఆయనకంటే ముందు తరంలో ఒకాయన్ని తలుచుకోవాలి. పాట్ సమ్మరాల్, న్యూయార్క్ జెయింట్స్ ఫుట్‌బాల్ జట్టులో ఒకప్పుడు కిక్కర్. క్వార్టర్‌బ్యాక్ పేరు, బంతి పట్టినవాడి పేరు, టచ్‌డౌన్ (బంతి గోల్ లైన్ దాటడం), అంతే. మూడు ముక్కల్లో ఎత్తు మొత్తం చెప్పేసేవాడు. ప్లే-బై-ప్లే వ్యాఖ్యాతగా 11 సూపర్ బౌల్‌లు చెప్పాడు. మైకేల్స్ 2022లో ఆ లెక్కను అందుకున్నాడు. ఇద్దరి తీరూ వేరు. సమ్మరాల్ మాటలు మిగిల్చేవాడు, మైకేల్స్ మాటలు మలుస్తాడు.

1989 అక్టోబర్ 17 సంగతి ఫుట్‌బాల్‌ది కాదు, బేస్‌బాల్‌ది. అయినా దాన్ని వదిలేస్తే ఆయన కథ సగమే అవుతుంది. శాన్‌ఫ్రాన్సిస్కోలోని క్యాండిల్‌స్టిక్ పార్క్‌లో వరల్డ్ సిరీస్ మూడో మ్యాచ్ మొదలవ్వబోతోంది. స్టేడియంలో 60 వేల పైచిలుకు జనం. పక్కన కూర్చున్న సహ వ్యాఖ్యాత టిమ్ మెకార్వర్ ముందు మ్యాచ్ ముక్కలు చూపిస్తూ మాట్లాడుతున్నాడు. సాయంత్రం 5 గంటల 4 నిమిషాలకు బొమ్మ చెదిరింది. భూకంపం వచ్చిందంటూ మైకేల్స్ గొంతు మొదలైంది, "ఎర్త్" దాకా వినిపించింది, "క్వేక్" వినిపించలేదు. ప్రసారం తెగిపోయింది. దేశమంతటా టీవీల్లో ఓ అట్టబొమ్మ నిలబడింది. కాసేపటికి ఫోన్ లైన్ మీద గొంతు మాత్రం తిరిగొచ్చింది. టెలివిజన్ చరిత్రలో ఇంతకు మించిన ఆరంభం ఉండదన్నాడు. ఏం జరిగిందో అప్పటికి ఎవరికీ తెలియదు, ఆయనకూ తెలియదు.

తెలిశాక ఆ గొంతు మారింది. 6.9 తీవ్రత. బే బ్రిడ్జి పైఅంతస్తులో ఓ భాగం విరిగి కిందికి వేలాడుతోంది. ఓక్లండ్‌లో రెండంతస్తుల రహదారి కూలింది, మెరీనా పేటలో ఇళ్లు తగలబడుతున్నాయి. చివరికి 63 మంది చనిపోయారని తేలింది. ఆట కోసం పైన తిరుగుతున్న గుడ్‌ఇయర్ బ్లింప్ (గాలి ఓడ) కెమెరాయే వార్తలకు కన్నయింది. ఆ బొమ్మల్లో కనిపిస్తున్నది ఏ చోటో చెప్పేదెవరు? మైకేల్స్ 1974 నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో జెయింట్స్ బేస్‌బాల్ జట్టుకు పనిచేశాడు, ఆ ప్రాంతంలో ఏళ్లపాటు కాపురమున్నాడు. ఏ వంతెన ఎటు పోతుంది, ఏ పేట ఎక్కడుంటుంది అన్నది ఆయనకు ఊరి మనిషిగా తెలుసు. వాషింగ్టన్ నుంచి వార్తలు నడుపుతున్న టెడ్ కొప్పెల్‌కు స్టేడియం నుంచి అవన్నీ ఒక్కొక్కటే చెబుతూ పోయాడు. ఆటల వ్యాఖ్యాతకు వార్తల విభాగంలో టీవీ పురస్కారం ఎమ్మీకి నామినేషన్ వచ్చింది. సప్పోరోలోని ఆ ఒక్క హాకీ మ్యాచ్‌లాగే ఇక్కడా ఎప్పుడో పోగుపడిన ఎరుక అక్కరకొచ్చింది.

ఇక ఫుట్‌బాల్. 1970లో ఏబీసీ మొదలుపెట్టిన మండే నైట్ ఫుట్‌బాల్ అమెరికాలో వారాంతపు ఆటను పనిరోజు రాత్రి వినోదంగా మార్చింది. 1986లో దాని ప్లే-బై-ప్లే కుర్చీ మైకేల్స్‌కు దక్కింది. ఇరవై సీజన్లు అక్కడే. 1991 జనవరిలో సూపర్ బౌల్‌లో బఫెలో బిల్స్ ఆటగాడు స్కాట్ నార్‌వుడ్ ఆఖరి సెకన్లలో 47 గజాల నుంచి తన్నిన బంతి గోల్ కర్రలకు కుడివైపుగా పోయినప్పుడు, మైకేల్స్ అన్న "వైడ్ రైట్" అనే రెండు ముక్కలు ఆ ఊరి జనానికి నేటికీ మానని గాయం పేరు.

ఆ ఇరవై ఏళ్లలో పక్క కుర్చీ ఎన్నిసార్లు మారిందో! మాజీ ఆటగాళ్లు ఫ్రాంక్ గిఫర్డ్, డాన్ డియర్‌డార్ఫ్, బూమర్ ఎసియాసన్. 2000లో ఏకంగా డెన్నిస్ మిల్లర్ అనే హాస్యనటుణ్నే కూర్చోబెట్టారు. వీళ్లందరికీ మాట అందించాల్సింది ఈయనే. ఎదుటివాడికి పీట వేసి, తాను పక్కకు జరగడం ఈ పనిలో ఎవరికీ కనిపించని భాగం. 2002లో జాన్ మాడెన్ వచ్చాడు. ఓక్లండ్ రైడర్స్‌కు సూపర్ బౌల్ గెలిపించిన కోచ్, విమానమంటే భయపడి దేశమంతా బస్సులో తిరిగిన మనిషి, తెర మీద పసుపు గీతలు గీసి ముందు వరసలో ఢీకొనే లావుపాటి లైన్‌మెన్ పనిని మామూలు జనానికి అర్థమయ్యేలా చెప్పినవాడు. మాడెన్ ఉత్సాహం ఎటు పోతే అటు వదిలి, బంతి కదిలే సమయానికి మైకేల్స్ మళ్లీ దారిలోకి తెచ్చేవాడు.

ఆయన చూపు ఎంత లోతో తెలియజెప్పే చిన్న సంగతొకటి. చాలాకాలం ప్రసారాల్లో పందేల మాట ఎత్తకూడదన్నది ఆట నడిపే లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ కట్టడి. ఫలితం తేలిపోయిన మ్యాచ్ ఆఖర్లో పనికిరాని టచ్‌డౌన్ ఒకటి పడితే, తేడా ఎన్ని పాయింట్లన్న దాని మీద డబ్బులు కాసినవాళ్ల గుండెలు జారతాయి. మైకేల్స్ పందెం పేరెత్తకుండానే, ఈ పాయింట్లు కొందరికి చాలా ముఖ్యమన్న ధోరణిలో ఓ మాట విసిరేవాడు. తెలిసినవాళ్లకు తెలిసేది, తెలియనివాళ్లకు మామూలుగా వినిపించేది. చూసేవాళ్లు ఎన్ని రకాలో ఎరిగినవాడికే అది సాధ్యం. పట్టు తప్పిన రోజూ లేకపోలేదు. 2017 అక్టోబర్‌లో, లైంగిక వేధింపుల ఆరోపణల్లో చిక్కుకున్న సినీ నిర్మాత హార్వీ వైన్‌స్టీన్ వ్యవహారాన్ని ఓ జట్టు కష్టాలతో పోల్చి పరిహాసమాడాడు. అది తప్పే. అదే ప్రసారంలో క్షమాపణ చెప్పాడు. లైవ్‌లో మాట వెనక్కి రాదు.

ఇప్పుడు కుందేలు కథ. 2005 తర్వాత మండే నైట్ ఫుట్‌బాల్ ఏబీసీ నుంచి దాని సోదర సంస్థ ఈఎస్‌పీఎన్‌కు మారింది, ఆదివారం రాత్రి మ్యాచ్‌లు ఎన్‌బీసీకి దక్కాయి. మాడెన్ ఎన్‌బీసీకి వెళ్లాడు. మైకేల్స్ ఈఎస్‌పీఎన్‌తో ఉండటానికి ఒప్పుకున్నాడుగానీ, మనసు మాడెన్ వెంటే పోయింది. ఈఎస్‌పీఎన్ యజమాని డిస్నీ. 2006 ఫిబ్రవరిలో వదిలిపెట్టడానికి ఒప్పుకుంది, ఊరికే కాదు. గోల్ఫ్ రైడర్ కప్ శుక్రవారం ప్రసార హక్కులు, ఒలింపిక్స్ ముక్కలు చూపించుకునే వెసులుబాటు లాంటివాటితోపాటు ఓస్వాల్డ్ అనే కార్టూన్ కుందేలును అడిగింది. వాల్ట్ డిస్నీ 1927లో సృష్టించిన బొమ్మ అది. మరుసటి ఏడాదే హక్కులు యూనివర్సల్ చేతిలో ఉండిపోతే, ఆ పోగొట్టుకున్న బాధలోంచే మిక్కీ మౌస్ పుట్టింది. 2006 నాటికి యూనివర్సల్, ఎన్‌బీసీ ఒకే గూటిలో ఉన్నాయి. అలా డిస్నీ తన తొలి కుందేలును దాదాపు 78 ఏళ్లకు ఇంటికి తెచ్చుకుంది, బదులుగా ఓ వ్యాఖ్యాతను ఇచ్చింది.

నవ్వొచ్చే ముచ్చటే అయినా, వ్యాపారం లోగుట్టు ఇందులోనే ఉంది. ఆట హక్కులు లీగ్‌వి. వాటిని కొన్నేళ్లకు అద్దెకు తీసుకునేవి నెట్‌వర్కులు. 2021లో లీగ్ కుదుర్చుకున్న ఒప్పందాల విలువ 11 ఏళ్లకు సుమారు 11,000 కోట్ల డాలర్లని వార్తలొచ్చాయి. అంత పోసి కొన్నాక తెర మీద కనిపించే ఆట మాత్రం ఏ చానెల్‌లోనైనా ఒకటే. మైదానం మారదు, జట్లు మారవు. ఇది పెద్ద మ్యాచ్ అని, ఇది ఫలానా రాత్రి అని చూసేవాళ్లకు అనిపించేలా చేసే వాటిలో మొదటిది గొంతు. అందుకే హక్కులు ఎటు పోతే గొంతులూ అటు కదులుతాయి. సండే నైట్ ఫుట్‌బాల్ ఏళ్ల తరబడి అమెరికా ప్రైమ్‌టైమ్‌లో అత్యధికులు చూసిన కార్యక్రమంగా నిలిచింది. మాడెన్ 2009 సూపర్ బౌల్‌తో విశ్రాంతి తీసుకుంటే, ఆ కుర్చీలోకి క్రిస్ కాలిన్స్‌వర్త్ వచ్చాడు. పురస్కారాలూ వచ్చాయి, ఫుట్‌బాల్‌కు 2013లో పీట్ రోజెల్ అవార్డు, బేస్‌బాల్‌కు 2021లో ఫోర్డ్ ఫ్రిక్ అవార్డు.

2022లో గురువారం మ్యాచ్‌లు అమెజాన్ ప్రైమ్ చేతికి వెళ్లాయి. ఇంటర్నెట్‌లో మాత్రమే వచ్చే ప్రసారానికి జనం అలవాటు పడతారా అన్న సందేహం ఉన్న రోజుల్లో, ఆ సంస్థ ఎంచుకున్న గొంతు మైకేల్స్‌దే. పక్కన కర్క్ హెర్బ్‌స్ట్రీట్. మన దేశంలో చూడాలంటే శుక్రవారం తెల్లవారుజామున లేవాలి.

ఈ దశలో విమర్శలూ మొదలయ్యాయి. ఆ సీజన్ గురువారాల్లో చప్పటి మ్యాచ్‌లు చాలా పడ్డాయి. టచ్‌డౌనే లేకుండా 12-9తో ముగిసిన కోల్ట్స్, బ్రాంకోస్ మ్యాచ్ లాంటివి. ఆట బాగాలేకపోతే మైకేల్స్ గొంతులో ఆ విసుగు దాగలేదు. 2023 జనవరిలో జాక్సన్‌విల్ 27-0 వెనకబాటు నుంచి పుంజుకుని 31-30తో గెలిచిన ప్లేఆఫ్ మ్యాచ్‌లో, ఆ గెలుపుకు తగ్గ ఊపు ఆయన గొంతులో లేదని ఆక్షేపించారు. మరుసటి ఏడాది ప్లేఆఫ్‌లకు ఎన్‌బీసీ పిలవలేదు. నా మాట అడిగితే ఆ విమర్శలో కొంత నిజముంది. పెద్ద క్షణానికి తగినంత ఎత్తుకు గొంతు లేవని సందర్భాలు వినిపించాయి. చప్పటి ఆటను చప్పటిదని చెప్పడాన్ని మాత్రం నేను తప్పుపట్టను. ప్రతి ఎత్తుకూ గొంతు చించుకునేవాడు "డూ యూ బిలీవ్ ఇన్ మిరకిల్స్" అన్నా ఎవరికీ వినిపించదు.

2024లో పారిస్ ఒలింపిక్స్‌కు ఎన్‌బీసీ ఇంకో పని చేసింది. మైకేల్స్ అనుమతి తీసుకుని, ఆయన పాత ప్రసారాలతో కృత్రిమ మేధకు తర్ఫీదునిచ్చి, అచ్చం ఆయనలా పలికే గొంతు తయారుచేసింది. ఒక్కో ప్రేక్షకుడికి నచ్చిన ఆటలు ఏరి, ఆ గొంతుతో రోజువారీ సంక్షిప్తాలు పంపింది. తన గొంతును తానే విని మైకేల్స్ ఆశ్చర్యపోయాడు, కొంచెం భయంగానూ ఉందన్నాడు. ఉచ్చారణ ఆయనదే, సాగదీత ఆయనదే. ఆ సంక్షిప్తాల్లో వచ్చేవన్నీ అప్పటికే ముగిసిన ఆటలు, గెలిచిందెవరో ఆ గొంతుకు ఇచ్చిన పాఠంలోనే రాసుంటుంది.

1980 నాటి ఆ హాకీ మ్యాచ్ కూడా అమెరికా జనం లైవ్‌గా చూసింది కాదు. సాయంత్రం ఐదింటికి మొదలైన ఆటను ఏబీసీ రికార్డు చేసి రాత్రికి చూపించింది. టీవీ పెట్టేసరికే చాలామందికి ఫలితం తెలుసు. లేక్ ప్లాసిడ్ వీధుల్లో సంబరాలు కూడా మొదలైపోయాయి. ఐదు సెకన్లున్నాయని చెబుతున్న ఆ మనిషికి మాత్రం ఇంకా తెలియదు.